ప్రేమ నర్సింగ్ హోం

చిక్కడపల్లి,
4 సెప్టెంబర్ 2011

నాయినా,

అమ్మా నేనూ బాగున్నాం. కంకర మిషన్ పని మానేసి సామాన్ల కాపలాకు మారావని నీ ఉత్తరంలో చదివి అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. "చెవులు పోయినంక బుద్ధొచ్చింది మీ నాయినకు" అని మూడు రోజులు అదే మాట. ఇప్పుడు అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో రొట్టెలు చేసే పని దొరికింది ఆమెకు. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు. వాళ్ళు అన్నం ముందు కూడా పుస్తకం మూయరని అమ్మకు కోపం.

నీకు ఫోన్‌లో ఏమీ వినబడదు. నేను మాట్లాడింది పీరయ్య మేస్త్రి విని, నీ చెవిలో అరిచి చెప్పేసరికి నేను చెప్పేది ఒకటి, నీకు చేరేది ఒకటి అవుతోంది. అందుకే ముఖ్యమైన సంగతి ఉత్తరంలో రాస్తున్నాను.

నారాయణగూడ ఆసుపత్రిలో నేను ఈసీజీ టెక్నీషియన్‌గా చేరి మూడేళ్ళు దాటింది. రోజంతా మిషన్ బండి తోసుకుంటూ వార్డులు తిరుగుతాను. ఛాతీకి, చేతులకు, కాళ్ళకు వైర్లు తగిలించి, గుండె కొట్టుకునే తీరు గీతలుగా పడిన కాగితం పట్టీ చించి, డాక్టర్‌కు ఇచ్చి, ఇంకో మంచం దగ్గరికి పోతాను. ఎవరి దగ్గరా నిలబడేది లేదు. పోయిన వారం ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని "జర కూసో బిడ్డా" అంది. ఇంకా చాలామంది ఉన్నారమ్మా అని వచ్చేశాను. మర్నాడు వెళితే ఆ మంచం మీద వేరే ఎవరో ఉన్నారు. చనిపోయిందేమో అనుకున్నాను. హెడ్ నర్సు విజయశ్రీ సిస్టర్‌ను అడిగితే, "ఇంటికే పోయింది. పోయేటప్పుడు నీ కోసం అడిగింది" అన్నారు. అప్పటి నుంచీ మనసు మనసులో లేదు.

వచ్చే ఏడాది నర్సింగ్ మొదలుపెడదామనుకుంటున్నాను. ఎట్లా ముందుకు పోవాలో విజయశ్రీ సిస్టర్ చెబుతున్నారు. చేయాల్సినవి చాలా ఉన్నాయి. ఖాయమయ్యేదాకా మీ కూలీల క్యాంపులో ఎవరికీ చెప్పకు.

నీ కూతురు
ప్రేమ


పుణె,
21 సెప్టెంబర్ 2011

బిడ్డా ప్రేమా,

నీ నాయిన బీరయ్య రాసేది. ఇక్కడ అంత మంచిదే. వాన తగ్గింది, స్లాబు పనులు నడుస్తున్నయి.

నీ ఉత్తరం చదివిన. నర్సింగ్ అనే మాట కాడ ఆగిన. పీరయ్య మేస్త్రిని అడిగితే, "గిది గూడ తెల్వదా? నర్సింగ్ అంటే నర్సింగ్ హోం. నీ బిడ్డ దవాఖాన పెడ్తున్నది!" అని నా చెవిల ఒర్రిండు. గట్ల ఒర్రితే క్యాంపంత విన్నది. నేనైతే ఎవరికి చెప్పలేదు బిడ్డా, నీ మాట తప్పలేదు.

నాకు ఆ దినం అన్నం పోలేదు, సంతోషానికి. రెండు అర్రలతోని మొదలుపెట్టు, ఎక్కువ ఆశకు పోకు. ఇల్లు కిరాయికి తీసుకునే ముందు గోడలు చెయ్యి పెట్టి చూడు. నీళ్ళు దిగిన గోడ సల్లగ ఉంటది, అసొంటిది వద్దను. తలుపు వెడల్పు ఉండాలె, మనిషిని పండుకోబెట్టిన బండి తిరగాలె. బోర్డు తెలుగుల రాయించు. కాచిగూడ స్టేషన్‌కు దగ్గర అయితే మనోళ్ళకు రైలు దిగి నడిచిపోనీకి బాగుంటది.

ఇంకొకటి. మీ ఈదయ్య చిన్నాయనకు ఛాతిల బరువుగ ఉంటున్నది. సిమెంట్ బస్తా ఎత్తితే ఆడనే కూసుంటున్నడు. ఈడ డాక్టర్ కాడికి పొమ్మంటే భాష రాదని పోడు. బతుకమ్మ పండుగకు ఊరికి పోతున్నడు. ఆడికెల్లి నీ నర్సింగ్ హోంకు పొమ్మని చెప్పిన. నీ పనులు ఇంక నడుస్తున్నా సరే, నువ్వు చూస్తవు. నీ పాత కవరు ఒకటి అడ్రస్ కోసం ఇచ్చిన.

మీ అమ్మను రొట్టెలు చేసేటప్పుడు పొగ కాడ కూసోవద్దను.

మీ నాయిన
బీరయ్య


చిక్కడపల్లి,
14 అక్టోబర్ 2011

నాయినా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. సమ్మె, రైల్‌రోకోల మధ్య అది ఎక్కడ ఆగిందో. ఈదయ్య చిన్నాయన మాత్రం దానికంటే ముందే వచ్చాడు.

మొదట ఇది చదువు: ఆయన బాగున్నాడు. ఇప్పుడు జరిగింది చెబుతాను.

బస్సులు లేక ఊరి నుంచి రైల్లో వచ్చి కాచిగూడలో దిగి, "ప్రేమ నర్సింగ్ హోం ఏడుంది?" అని అడిగాడట. ఆటో అతను మంచివాడే. చిక్కడపల్లి సందులన్నీ తిప్పి, కనబడిన ప్రతి నర్సింగ్ హోం ముందూ ఆపాడట. బోర్డు చదివించుకుని ఈయన "ఇది కాదు, మా బిడ్డది" అనడం, ఆటో మళ్ళీ కదలడం. చివరికి లైబ్రరీ దగ్గర ఆటో అతనికి విసుగొచ్చి, కవరు మీది అడ్రస్ చూసి మన ఇంటికి తెచ్చాడు. అమ్మ అప్పుడే పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"వదినా, ప్రేమ దవాఖాన ఏది?" అన్నాడట.

"ఏం దవాఖాన?"

"అదే, కొత్తది. బీరయ్యన్న చెప్పిండు."

"నీకు ఎండదెబ్బ తాకిందా ఈదయ్యా? జర నీళ్ళు తాగు."

నీళ్ళు తాగుతూనే గోడకు ఒరిగిపోయాడట. ఒళ్ళంతా చెమట. అమ్మ ఆ ఆటోను పోనివ్వకుండా పట్టుకుని నేరుగా మా ఆసుపత్రికి తెచ్చింది. గేటు దగ్గర కూడా చిన్నాయన "ప్రేమ నర్సింగ్ హోం ఇదేనా?" అనే అడిగాడట. గేటు దగ్గరి సెక్యూరిటీ అన్న నవ్వుతూ వచ్చి, "మేడం, మీ నర్సింగ్ హోంకు పేషెంట్ వచ్చిండు" అన్నాడు. నేను కూడా నవ్వుతూనే బయటికి వెళ్ళాను. అమ్మ ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది.

ఆయన ఈసీజీ నేనే తీశాను. ఎన్ని వేల పట్టీలు చించానో నాయినా, ఆ పట్టీని మాత్రం చించి పరుగెత్తుకుంటూ తీసుకెళ్ళాను. డాక్టర్ చూసి ఒక్క నిమిషం ఆగలేదు. గుండెకు రక్తం పోయే దారి మూసుకుపోతోందట. ఆరోగ్యశ్రీ కార్డు జేబులోనే ఉండటం మన అదృష్టం. ఆ రోజే స్టెంట్ వేశారు.

పట్టీ ఇచ్చి ఇంకో మంచం దగ్గరికి వెళ్ళడం ఈసారి నా వల్ల కాలేదు. డ్యూటీ అయ్యాక అక్కడే ఉండిపోయాను. విజయశ్రీ సిస్టర్ నన్ను పక్కన నిలబెట్టుకుని పని చేయించారు. ఎన్ని నీళ్ళు తాగాడో, ఎంత మూత్రం పోయిందో రాయడం, సూది గుచ్చి స్టెంట్ ఎక్కించిన చోట రక్తం వస్తోందేమో చూడటం, దుప్పటి పట్టి ఇద్దరం కలిసి మనిషిని పక్కకు తిప్పడం. చిన్నాయనకు ఆ ఎత్తు మంచం మీద నిద్ర పట్టలేదు. "కింద పండుకుంట సిస్టరమ్మా, గీడ పడిపోతనని భయమైతున్నది" అన్నాడు. ఆమె కసురుకోలేదు. మంచం పక్క కడ్డీలు ఎత్తి బిగించి, ఆయన తువ్వాల మడిచి తల కింద పెట్టారు. కాసేపటికే గురక. ఆ గురక విని నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఐదు రోజులయ్యాక ఇంటికి పంపారు. రైలెక్కించి వచ్చాను. ఊళ్ళో రెండు నెలలు విశ్రాంతి తీసుకోవాలి.

ఇక అసలు మాట. నాకు నర్సింగ్ హోం లేదు, పెట్టడం లేదు. నేను నర్సును అవుదామనుకుంటున్నాను. నర్సింగ్ అంటే ఆ చదువు, ఆ పని. సీటు వస్తే ఈ టెక్నీషియన్ పని వదలాలి. ఆ సంగతి విజయశ్రీ సిస్టర్‌కు తప్ప ఇంకా ఇక్కడ ఎవరికీ తెలియదు. చిన్నాయన కోసం రెండు మూడు సార్లు మిషన్ వదిలి వెళ్ళానని ఆఫీసు వాళ్ళు ఒక మాట అన్నారు, పడ్డాను.

నీ కూతురు
ప్రేమ


పుణె,
5 నవంబర్ 2011

బిడ్డా,

ఈదయ్య బతికిండు, గది చాలు. నీకు, మీ అమ్మకు, ఆ సిస్టరమ్మకు దండం. నర్సింగ్ హోం లేదంటే లేదు. క్యాంపుల ఇంక నవ్వుతనే ఉన్నరు. సిమెంట్ లారీ డ్రైవర్ అయితే ఓపెనింగ్ ఎప్పుడని రోజు అడుగుతడు. అడగనీ.

నాకు ఒకటి సమజైంది. నువ్వు సగమే రాసినవు. ఈదయ్య కోసం మిషన్ ఇడిసిపెట్టినవని ఆఫీసోళ్ళు నిన్ను పనిల నుంచి తీసేస్తున్నరు. పని పోతదని నర్సుగ చేరుత అంటున్నవు. నేను పరేషాన్ కావద్దని దాచినవు. నేను పంపిన మనిషి వల్ల నా బిడ్డ పని పోతే నేను ఎట్ల ఊకుంట?

అందుకే పీరయ్య మేస్త్రితోని మీ దవాఖానకు ఫోన్ చేయించిన. నంబర్ ఈదయ్య దవాఖాన చీటీ మీద ఉంటే ఊరి నుంచి అడిగి తెప్పిచ్చిన. "ఆ పిల్ల తప్పేం లేదు సారూ, తప్పంత మాది, పనిల నుంచి తీయకుండ్రి" అని మేస్త్రి మస్తు బతిమిలాడిండు. కండ్లల్ల నీళ్ళు గూడ తెచ్చుకున్నడు. ఫోన్ ఎత్తిన ఆమె పెద్ద సార్‌కు చెప్త అన్నదట.

ఇగ నువ్వు ఫికర్ చెయ్యకు.

మీ నాయిన
బీరయ్య


చిక్కడపల్లి,
20 నవంబర్ 2011

నాయినా,

నాకు కోపంగా ఉంది. ఆ సంగతి ముందు తెలుసుకుని మిగిలింది చదువు.

సోమవారం సూపరింటెండెంట్ జగదీశ్వర్ గారు నన్ను తన గదికి పిలిపించారు. మూడేళ్ళలో ఆ గదిలోకి నేను అడుగుపెట్టలేదు.

"పుణె నుంచి ఎవరో ఫోన్ చేసి నిన్ను తీసేయొద్దని ఏడ్చిండ్రట. నిన్ను ఎవరు తీసేస్తున్నరమ్మా?"

"ఎవరూ లేరు సార్."

"మరి నువ్వే పోతున్నవా?"

నా నోట్లోంచి అబద్ధం రాలేదు. ఉన్నదంతా చెప్పాను. ఆయన మొదట అడిగింది ఏమిటో తెలుసా? "మరి ఈసీజీలు ఎవరు తీయాలె?" అని. తర్వాత నెమ్మదిగా, "వచ్చే ఏడాది నిన్ను ఇన్‌ఛార్జి చేద్దామనుకున్న. ఈ పని కష్టమైతున్నదా?" అన్నారు.

"కష్టం కాదు సార్. నేను అందరి దగ్గరికీ పోతాను, ఎవరి దగ్గరా ఉండను. నాకు ఉండాలని ఉంది" అన్నాను. సరిగ్గా చెప్పానో లేదో తెలియదు. అంతకంటే నాకు రాలేదు.

ఆయన విజయశ్రీ సిస్టర్‌ను పిలిచారు. "మా టెక్నీషియన్‌ను చెడగొట్టింది నువ్వేనా?"

"చెడగొట్టలేదు సార్. అప్లికేషన్ ఎప్పుడు వెయ్యాలో చెప్పిన, అంతే."

నేను ఇంక పని పోయిందనే అనుకున్నాను. ఆయన నవ్వారు. పోయేలోగా ఇంకొకరికి మిషన్ పని పూర్తిగా నేర్పాలన్నారు. అది చేస్తే నా పని గురించి మంచి మాట రాసి సంతకం పెట్టి ఇస్తానన్నారు. సంజన అని కొత్తమ్మాయి వచ్చింది, నేర్పుతున్నాను. వైర్లు తారుమారుగా పెడుతోంది. నేనూ అట్లాగే పెట్టేదాన్ని.

కాబట్టి మీ ఫోన్ వల్ల నష్టమేమీ జరగలేదు. ఇన్నాళ్ళూ దాచిన సంగతి బయటపడి నిజానికి నాకు హాయిగా ఉంది. అయినా కోపం పూర్తిగా పోలేదు. ఎందుకంటే, నాయినా, నా పని పోవడం గురించి నువ్వు అంత రాశావు. నేను నర్సునవడం గురించి ఒక్క మాట రాయలేదు. అమ్మ "నర్సైతే నర్సే, గానీ మూడున్నరేండ్లు మళ్ళా బడి ఏంది?" అని గొణిగి ఒప్పుకుంది. నీకు ఇష్టం లేదా? లేకపోతే లేదని రాయి. నీ మనసు తెలియకుండా అప్లికేషన్ వేయడం నాకు ఇష్టం లేదు.

ప్రేమ


పుణె,
22 జనవరి 2012

బిడ్డా ప్రేమా,

రెండు నెలలు రాయలేదని అలిగినవని మీ అమ్మ మేస్త్రికి ఫోన్ చేసి చెప్పిందట. అలగకు. నాకు తెల్వని సంగతి మీద ఏం రాయాలె అని ఆగిన. ఈదయ్య వస్తే అడిగి రాద్దామనుకున్న. మొన్న వచ్చిండు.

వానికి చెప్పనీకి రాదు, నాకు విననీకి రాదు. సిమెంట్ బస్తాల మీద పండుకొని చేసి చూపిచ్చిండు. సిస్టరమ్మ ఎట్ల తిప్పింది, నువ్వు దుప్పటి ఆ కొస ఎట్ల పట్టినవు, మందు మింగేదాక ఎట్ల నిలబడ్డవు, సిగ్గుపడ్తుంటే తెర ఎట్ల గుంజిండ్రు. క్యాంపోళ్ళంత చుట్టు చేరిండ్రు. ముందు నవ్విండ్రు. తర్వాత ఎవరు నవ్వలేదు. ఈదయ్య పెండ్లాం పక్కకు పోయి కండ్లు తుడుసుకున్నది.

నాకు ఇష్టం లేక రాయలేదని అనుకోకు. నా భయం వేరే. నేను, మీ అమ్మ, మా నాయిన, అందరం బరువులు ఎత్తి ఎత్తి నడుములు పోగొట్టుకున్నోళ్ళం. నా బిడ్డ బరువు ఎత్తొద్దని నిన్ను చదివిపిచ్చిన. మిషన్ పని వచ్చిందంటే ఇగ నిమ్మలమైన. మిషన్‌కు చక్రాలు ఉంటయి. నర్సు అంటే మనుషులను ఎత్తాలె గద. మనిషి బస్తా లెక్క ఉండడు, జారుతడు. నీ నడుము ఏంగావాలె? ఇదే నా భయం. ఇది రాయనీకి సిగ్గైంది.

ఈదయ్యను అడిగిన. ఒక్కరే ఎత్తరు, ఇద్దరు ముగ్గురు పడ్తరు, దుప్పటి మీద జరుపుతరు అని చేతులతోని చూపిచ్చిండు. అయితే సరే.

చెయ్యి బిడ్డా. అప్లికేషన్ వెయ్యి. నడుము వంచి ఎత్తకు, మోకాళ్ళు వంచు. మనిషిని నీ పొట్టకు దగ్గరగ పట్టుకో. తిరిగేటప్పుడు నడుము తిప్పకు, పాదాలు తిప్పు. ఆడ మంచిగనే నేర్పుతరు, అయినా తండ్రిని, నేను గూడ చెప్పాలె.

మీ నాయిన
బీరయ్య


అడిక్‌మెట్,
30 సెప్టెంబర్ 2012

నాయినా,

ఈ ఉత్తరం నర్సింగ్ స్కూల్ హాస్టల్ నుంచి. సీటు వచ్చిన రోజే ఫోన్‌లో చెప్పించాను కానీ, మేస్త్రి నీకు ఏమని చెప్పాడో అన్న అనుమానంతో మళ్ళీ రాస్తున్నాను: మూడున్నరేళ్ళ నర్సింగ్ కోర్సు, సీటు నాకే, చేరిపోయాను.

ఆసుపత్రిలో చివరి రోజు సంజన ఒక్కతే వార్డులన్నీ తిరిగి వచ్చింది. ఒక్క వైరు కూడా తారుమారు కాలేదు. జగదీశ్వర్ గారు కాగితం మీద సంతకం పెట్టి ఇస్తూ, "చదువైనంక మా దగ్గరికే రావాలె" అన్నారు. విజయశ్రీ సిస్టర్ తన పాత కత్తెర ఇచ్చారు. నేను ఏడుస్తుంటే, "ఏడ్పు తర్వాత, పోయి పడుకో, పొద్దున్నే క్లాసు" అన్నారు.

ఇక్కడ నాకంటే చిన్నపిల్లలే ఎక్కువ. నన్ను అక్కా అంటారు. మొదటి వారమంతా పక్క వేయడమే నేర్పారు. దుప్పటి మూల మడత ఒక్కటి వంకరపోతే మొత్తం తీసి మళ్ళీ వేయాలి. ఆదివారం ఇంటికెళ్ళి చెబితే అమ్మ పడిపడి నవ్వింది. "పక్కేసుడు నేర్పనీకి స్కూలా? నన్నడిగితే నేను నేర్పకపోదునా?" అంది. సరే వెయ్యమంటే వేసింది. మూల మడత చూసి మళ్ళీ వేయించాను. నవ్వడం ఆపి నా వైపు ఒక చూపు చూసింది.

ఇంగ్లీషు పుస్తకాలు కొంచెం కష్టంగా ఉన్నాయి. గుండె పాఠం రోజు మాత్రం క్లాసులో నేనే రాణిని.

ఫిబ్రవరిలో మాకు దీపాల వేడుక ఉంటుంది, కొత్తగా చేరినవాళ్ళం చేతిలో దీపం పట్టుకుని ప్రమాణం చేస్తాం. తల్లిదండ్రులు రావాలి. రెండు రోజులు సెలవు అడుగు.

నీ కూతురు
ప్రేమ


పుణె,
17 ఫిబ్రవరి 2013

బిడ్డా ప్రేమా,

మంచిగ చేరిన. రైల్ల సీటు దొరికింది.

నీ వేడుకల మైకుల మాట్లాడింది ఒక్కటి వినబడలేదు. అందరు చప్పట్లు కొడితే నేను గూడ కొట్టిన. తెల్ల బట్టలల్ల అందరు ఒక్క తీరుగ ఉన్నరు, నిన్ను ఎట్ల గుర్తుపట్టాలె అనుకున్న. చేతిల దీపం పట్టుకొని వరుసల నడుస్తుంటే గాలికి అందరు దీపానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నరు. నువ్వు మాత్రం నీ పక్క పిల్ల దీపానికి అడ్డం పెట్టినవు. గప్పుడు గుర్తుపట్టిన. మీ అమ్మను గిచ్చి చూపిచ్చిన. ఆమె అప్పటికే ఏడుస్తున్నది.

క్యాంపుల ఇప్పుడు నాకు కొత్త పని వచ్చింది. పొద్దుమూకితే జనం నా గుడిసె ముందల కూసుంటున్నరు. నీ బిడ్డ నర్సు గద, అడిగి రాయి అంటున్నరు. ఇంక చదువుతనే ఉన్నదని చెప్పినా వినరు. ఈదయ్య పక్కన కూసొని వరుస పెట్టి పంపుతున్నడు. రాసుకో.

ఆశమ్మ పిల్లకు వారంల రెండుసార్లు కడుపు కొట్టుకపోయి విరేచనాలైతున్నయి. పాలు ఆపాల్నా అని అడుగుతున్నది. పీరయ్య మేస్త్రికి షుగర్ ఉన్నది, ఇప్పుడు బాగనే ఉన్న, గోలీలు బందు చెయ్యొచ్చా అంటున్నడు. ఈదయ్య గూడ అదే అడుగుతున్నడు, వాని గుండె గోలీల సంగతి.

ఇంకొకడు ఉన్నడు. వానికి ఎడమ మోకాలు ఉబ్బుతున్నది. పొద్దున లేస్తే కాలు కింద పెట్టరాదు. వాడు ఎవడో అడగకు. మందు పేరు రాస్తే చాలు.

జర జల్ది రాయి. జనం కూసున్నరు.

మీ నాయిన
బీరయ్య


చిక్కడపల్లి,
3 మార్చి 2013

నాయినా,

ఆదివారం ఇంటికి వచ్చి రాస్తున్నాను. మా ట్యూటర్‌ను అడిగి సరిచూసుకున్న మాటలే ఇవి, నా సొంతం కాదు.

ఆశమ్మను పాలు ఆపొద్దని చెప్పు. దవాఖానలో ఓఆర్ఎస్ పొట్లాలు ఇస్తారు. కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. పిల్ల మత్తుగా ఉన్నా, కళ్ళు లోపలికి పోయినా ఒక్క పూట ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. భాష రాదని ఆగొద్దు. పిల్లను చూపిస్తే చాలు, వాళ్ళకు అర్థమవుతుంది. మేస్త్రికి, చిన్నాయనకు ఒకటే జవాబు: గోలీలు వేసుకుంటున్నారు కాబట్టే బాగున్నారు. డాక్టర్ చెప్పకుండా ఒక్క రోజు కూడా మానొద్దు. చిన్నాయన మానేశాడని తెలిస్తే విజయశ్రీ సిస్టర్ పుణె వచ్చేస్తారు.

మోకాలు ఉబ్బిన మనిషికి మందు పేరు రాయను. చూడకుండా మందు చెప్పడం నాకు నేర్పలేదు. ఆయనను ఈ నెలలోనే సెలవు పెట్టి చిక్కడపల్లికి రమ్మను. డాక్టర్‌కు చూపిస్తాను, నేను పక్కనే ఉంటాను. ఆయన ఎవరో అడగను.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. ఆమె కూడా ఎవరని అడగలేదు. మధ్యలోనే లేచి వెళ్ళి నీ మంచం డాబా మీద ఎండలో వేసింది.

నీ కూతురు
ప్రేమ